వేలెడు దూరం

మా చిన్నాన్న కూతురు వినోద మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక ఆటోలో హార్మోనియం పెట్టె వేసుకుని మా ఇంటి ముందు దిగింది. చిలకలగూడలో తాతయ్య కట్టించిన ఇల్లు అపార్ట్‌మెంట్లకు ఇచ్చేశాం, నెలాఖరుకు పడగొడతారు. అందరూ పంచుకోవలసినవి పంచుకోగా, ఎవరికీ అక్కర్లేనివి తెచ్చి నా నెత్తిన పడేయడం మా వాళ్ళకు అలవాటు. "చరిత్ర మనిషివి కదక్కా, పాత చెత్తంతా నీదే" అంటుంది వినోద. హార్మోనియం ఎప్పుడో పోయింది, దాని చెక్క పెట్టె మాత్రం మిగిలింది. పెట్టె అడుగున అట్ట చిరిగిన పొడుగాటి నోటుపుస్తకం ఒకటి ఉంది. దాని మధ్యలో జానెడు తెల్లదారం, ఆ దారానికి రెండు ముడులు. వినోద ఆ దారాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి, "ఇదేంటక్కా, తాతయ్య తాయెత్తు కట్టించుకున్నాడా ఏంటి కొంపదీసి? చర్చిలో సంఘ పెద్ద అయ్యుండి!" అని పకపకా నవ్వింది.

నేను నవ్వలేదు. ఆ దారం నాకు తెలుసు. ఆ మాటకొస్తే నా పాఠం విన్న ప్రతి విద్యార్థికీ తెలుసు. అంతర్జాతీయ వ్యవహారాల చరిత్ర చెప్పుకుంటూ, రాసుకుంటూ బతికినదాన్ని నేను. ఏ ఊళ్ళో ఉపన్యాసం ఇచ్చినా "మేడమ్, ఈ దేశాల గొడవలు మీకెలా పట్టుకున్నాయి?" అని ఎవరో ఒకరు అడక్క మానరు, నేను ఈ దారం కథ చెప్పక మానను. నా పుస్తకాల్లో నలుగురి నోళ్ళలో నానింది 'సంతకం తర్వాత'. దేశాలు ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజుకూ, తుపాకులు నిజంగా ఆగిన రోజుకూ మధ్య మనుషులకు ఏమవుతుందన్నది దాని విషయం. దాని ముందుమాట మొదలయ్యేదే ఈ దారంతో. ఆ పుస్తకం కొత్త ముద్రణకు ప్రూఫులు వచ్చి నా బల్ల మీదే ఉన్నాయి. వినోద టీ తాగి వెళ్ళిపోయాక, దారం పక్కన పెట్టి నోటుపుస్తకం మొదటిసారి చివరిదాకా తిరగేశాను. దీపాలు పెట్టే వేళకు నా ముందుమాట నిలబడదని తేలిపోయింది.

అది ఎందుకు నిలబడదో చెప్పాలంటే ముందు ఆ ఇంటి సంగతి చెప్పాలి. తాతయ్యది బాపట్ల దగ్గర ఊరు. రైల్వేలో చేరి సికింద్రాబాదు పార్సిల్ ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరయ్యాడు. స్టేషనుకు నడిచి వెళ్ళే దూరంలో ఇల్లు కట్టుకోవడం ఆయన చేసిన పొరపాటని నానమ్మ చచ్చేదాకా సాధించింది, ఎందుకంటే ఆరేసిన తెల్లబట్టల మీద ఇంజను మసి వచ్చి వాలేది. పొద్దున్నే బొగ్గు వాసన, నానమ్మ వేయించే కాఫీ గింజల వాసన కలిసి వచ్చేవి. నెలకోసారి బాపట్ల నుంచి ఎవరో ఒకరు ఎండుచేపల మూట పట్టుకొచ్చేవారు. ఆ మూట విప్పిన రోజున వీధి చివరి నుంచే మా ఇల్లు ఎక్కడో తెలిసిపోయేది. అమ్మ బడిలో టీచరు, నాన్న రైల్వే లైను మీద తిరిగే ఉద్యోగం, కనుక నన్ను పెంచింది ఈ ముసలాళ్ళిద్దరే. నానమ్మ హార్మోనియం వాయించేది, తాతయ్య తప్పు శ్రుతిలో పాడేవాడు, ఆవిడ వాయించడం ఆపేసి కళ్ళజోడు పైనుంచి ఆయన వంక చూసేది. నాకు ఆ చూపు వచ్చింది. నా విద్యార్థులను అడిగితే చెబుతారు.

ఇక సాయంత్రం ప్రార్థన. అందరి ఇళ్ళలోనూ ఉండేదే, కానీ మా ఇంట్లో దానికో పద్ధతి ఉండేది. ఊళ్ళో జబ్బుపడ్డవాళ్ళ కోసం, పరీక్షలు రాసేవాళ్ళ కోసం ప్రార్థించడంతో మా తాతయ్యకు సరిపోయేది కాదు. లోకంలో ఎక్కడ కొట్లాట జరుగుతుంటే ఆ దేశం పేరు పెట్టి ప్రార్థించాలి. అందుకే ఈ నోటుపుస్తకం. ఎడమవైపు దేశం పేరు, కుడివైపు ఎందుకో ఒక ముక్క. కొత్త దేశాన్ని నీలం పెన్సిలుతో ఎక్కించాలి, అక్కడ గొడవ తీరాక ఎర్ర పెన్సిలుతో కొట్టేసి కృతజ్ఞతలు చెప్పాలి. ఒక కొస నీలం, ఒక కొస ఎరుపు ఉండే ఆఫీసు పెన్సిలొకటి ఆయన జేబులో ఎప్పుడూ ఉండేది. నాకు చదవడం వచ్చిన దగ్గర్నుంచి పేపరు చూసి దేశాలు చెప్పడం నా పని. అల్జీరియా, సైప్రస్, లావోస్ అని నేను చదువుతుంటే, మా అమ్మ చప్పుడు కాకుండా ఆవలించేది. పదేళ్ళ పిల్లకు ప్రపంచంలోని యుద్ధాలన్నీ తన చేతి మీదుగా దేవుడికి చేరుతున్నాయంటే ఎంత గర్వంగా ఉంటుందో ఊహించుకోండి. నాకు ఆ గర్వం ఇప్పటికీ పూర్తిగా దిగలేదు.

కానీ తాతయ్య పార్సిల్ ఆఫీసు మనిషి. నేను ఏది చదివినా వెంటనే ఒప్పుకునేవాడు కాదు. "ఎవరు చెప్పారు? ఏ ఊరి నుంచి రాశారు? ఏ రోజు?" అని మూడు ప్రశ్నలు వేసేవాడు. ఎక్కడైనా రాజీ కుదిరిందని నేను ఎర్ర పెన్సిలు కోసం చెయ్యి చాపితే, "ఆగమ్మాయ్. సరుకు బుక్ అయిందన్నారు, బాగానే ఉంది. అవతలి స్టేషన్లో దిగిందా? తీసుకున్నవాడు సంతకం పెట్టాడా? దార్లో పెట్టె పగల్లేదు కదా?" అనేవాడు. పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాల్లో మహామహుల దగ్గర కూర్చుని చదువుకున్నాను, మహామహులతో పోట్లాడాను కూడా. ఒప్పందాల గురించి నాకు ఇంతకంటే పనికొచ్చే మాట ఎవరూ చెప్పలేదు. సరిహద్దుల మీద నా మొదటి పుస్తకం, శాంతి సేనల మీద నా మూడో పుస్తకం, అన్నీ ఆ మూడు ప్రశ్నల మీద నడిచినవే.

మా ఇంటి వెనక రెండు గదుల్లో కరుణక్క అద్దెకుండేది. కావలి ఊరి పిల్ల, ఇరవై రెండేళ్ళుంటాయేమో. మొగుడు దేవదానం తిరుమలగిరి మిలటరీ ఆసుపత్రిలో పనిచేసేవాడు, గాయాలకు కట్లు కట్టే ఉద్యోగం. నేను బావ అని పిలిచేదాన్ని. కాంగోలో కొట్లాటలు ఆపడానికని అన్ని దేశాలూ కలిసి పంపిన శాంతి సేనలో మన సైనికులూ ఉన్నారు. వాళ్ళతోపాటు దేవదానం బావనూ ఓడెక్కించారు. అప్పటికి కరుణక్కకు ఏడో నెల. పాప పుట్టింది, బోసినవ్వులు మొదలుపెట్టింది, అయినా బాప్తిస్మం జరగలేదు. తండ్రి చేతుల్లో ఉండగానే బిడ్డకు బాప్తిస్మం ఇప్పించాలని కరుణక్క పట్టు. పాస్టరు అయ్యగారు రెండుసార్లు కబురు పెట్టినా, "ఆయన రానివ్వండి" అనేసింది. బావ ఉత్తరాల మీద లియోపోల్డ్‌విల్ అని ఉండేది. ఉత్తరం వచ్చిన రోజు నన్ను పిలిచి ఆ ఊరి పేరు పలికించుకునేది, నేను చెప్పగానే నాలుక తిరక్క నవ్వేది. మా నోటుపుస్తకంలో కాంగో పేరు అంతకు ముందే నీలంతో ఎక్కింది, కానీ కరుణక్క ప్రార్థనకు వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాక ఆ పేరు చదివేటప్పుడు మాత్రం నా గొంతు మారేది.

ఒక రోజు పేపర్లో కాంగోలో పోట్లాడుకుంటున్న పక్షాల మధ్య ఒప్పందం కుదిరిందని పెద్దక్షరాలతో పడింది. ఎవరు చెప్పారు, ఎక్కడి నుంచి రాశారు, ఏ రోజు, మూడింటికీ సమాధానాలు సిద్ధం చేసుకుని మరీ తాతయ్య ముందు నిలబడ్డాను. ఆయన ఇంకా ఆగుదామనే అన్నాడు. నేను ఊరుకోలేదు. వెనక గదుల్లోకి పరిగెత్తి, "కరుణక్కా, యుద్ధం అయిపోయింది! బావ వచ్చేస్తాడు!" అని అరిచేశాను. ఆవిడ పాపను ఎత్తుకుని, కొంగు కూడా సర్దుకోకుండా ముందు గదిలోకి వచ్చి తాతయ్య మొహంలోకి చూసింది. ఆ మొహం చూశాక ఆయన మాత్రం ఏం చేస్తాడు? పెన్సిలు తీసి నా చేతికిచ్చాడు. కాంగోను ఈ చివర నుంచి ఆ చివరకు ఎర్రగా కొట్టేశాను. ఇక బావ రావడం ఖాయమనుకుని, కావలి నుంచి పెద్దవాళ్ళు ఎప్పటినుంచో రొద పెడుతున్నారు కనుక, వచ్చే ఆదివారమే బాప్తిస్మం అనుకున్నారు. తండ్రి రాకముందే చేయడానికి కరుణక్క ఒప్పుకున్నది ఒక్క నా మాట మీద.

ఆ ఆదివారం ఇల్లంతా చుట్టాలు. పెరట్లో పలావు గిన్నె, వంటింట్లో నానమ్మ కేకలు, ముందు గదిలో కరుణక్క పాప తెల్ల గౌనుకు చివరి కుట్లు వేస్తూ కూర్చుంది. ఆదివారం ఆరాధన అయ్యేదాకా పేపరు ముట్టకూడదని తాతయ్య నియమం. నియమం ఆయనకు, నేను రోజూ గేటు దగ్గరే చూసేసేదాన్ని. చూశాను. ఎలిజబెత్‌విల్ అనే ఊళ్ళో మళ్ళీ కాల్పులు, శాంతి సేన మీద దాడి. ముందు గదిలో నానమ్మ హార్మోనియం బయటికి తీసి పెట్టింది, పెట్టె ఖాళీగా ఉంది. పేపరు మడిచి దాని అడుగున పెట్టి మూత వేసేశాను. ఎందుకు దాచావని ఇప్పుడడిగితే, కరుణక్క బాధపడుతుందని అని చెప్పాలని ఉంటుంది. అది సగమే నిజం. తప్పు చెప్పింది నేనని బయటపడుతుందన్నదే పెద్ద భయం.

చర్చిలో పాపకు ఆగ్నెస్ అని పేరు పెట్టి బాప్తిస్మం ఇచ్చారు. తాతయ్య లేచి నిలబడి, కాంగోలో శాంతి వచ్చినందుకు సంఘమంతటి తరఫునా దేవునికి వందనాలు చెప్పాడు. అందరూ ఆమేన్ అన్నారు. నేను అనలేదు, పెదవులు మాత్రం కదిపాను. ఇంటికొచ్చి పలావు వడ్డిస్తుంటే ఆకలి లేదన్నాను. తాతయ్య చెయ్యి కడుక్కుంటూ పేపరేదని అడిగితే రాలేదన్నాను. అప్పుడే పాల యాదగిరి వచ్చాడు, విందుకు పిలిస్తే ఆలస్యంగా వచ్చాడు. కరుణక్కను చూసి జాలిగా, "ఏందమ్మ, గా దేశంల మల్ల లడాయి షురూ అయిందంట గద? మా బామ్మర్ది తిరుమలగిరి మిల్ట్రీ కాంటీన్ల పన్జేస్తడు. గాడ అందరు పరేషాన్ల ఉన్నరంట. మీ ఆయన మంచిగున్నడా? ఖబర్ ఏమన్న ఒచ్చిందా?" అన్నాడు. పాపం, అతని తప్పేం లేదు, ఇంట్లో తెలిసే ఉంటుందనుకున్నాడు. వడ్డిస్తున్న గరిటె కరుణక్క చేతిలోనే ఉండిపోయింది. తాతయ్య కరుణక్క వంక చూడలేదు, నా వంక చూశాడు.

"పేపరు తెచ్చివ్వమ్మాయ్" అన్నాడు. పెట్టెలోంచి తీసి ఇచ్చాను. తిడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది. ఆయన పేపరు విప్పి తిరిగి నాకే ఇచ్చాడు. "అక్కకు చదివి వినిపించు. పూర్తిగా చదువు, మధ్యలో ఆపకు" అన్నాడు. చుట్టాలందరి ముందు నిలబడి చదివాను. దాడి, కాల్పులు, గాయాలు, అన్నీ చదివాను. వెక్కిళ్ళు మొదలయ్యాయి, అయినా ఆపనివ్వలేదు. చివరి ముక్క అయ్యాక, ఆ ఊరి పేరు మళ్ళీ చూశాను. ఎలిజబెత్‌విల్. బావ ఉత్తరాల మీద ఉండేది లియోపోల్డ్‌విల్! గోడ మీద తాతయ్య వేలాడదీసిన ప్రపంచ పటం దగ్గరకు పరిగెత్తాను. కరుణక్క కుట్టు బుట్టలోంచి తెల్లదారం తెంపి, ఒక ఊరి దగ్గర ముడి, రెండో ఊరి దగ్గర ముడి వేశాను. మధ్యలో వేలెడు దూరం వచ్చింది. అదే దారాన్ని మన దేశం మీదికి తెచ్చి సికింద్రాబాదు దగ్గర ఒక ముడి పెడితే రెండో ముడి ఢిల్లీ దాటిపోయింది. "చూడక్కా, ఢిల్లీ కంటే దూరం! ఢిల్లీలో తుపాకి పేలితే మనకు తగుల్తుందా? బావ చాలా దూరంలో ఉన్నాడు, భయం లేదు" అని ఏడుస్తూనే చెప్పాను. కరుణక్క దారం చేతిలోకి తీసుకుని చూసింది. "అంత దూరమా! అమ్మయ్య" అంది. నన్ను దగ్గరకు లాక్కుని పక్కన కూర్చోబెట్టుకుని పలావు కలిపి నోట్లో పెట్టింది. తాతయ్య కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

తరువాతి ఆదివారం ఆయన చర్చిలో మళ్ళీ లేచి నిలబడ్డాడు. "పోయిన వారం నేను మీ అందరి చేతా ఆమేన్ అనిపించిన మాట తప్పు. అక్కడ శాంతి రాలేదు. రసీదు చూసి సరుకు చేరిందనుకున్నాను" అన్నాడు. నా పేరు ఎత్తలేదు. కాంగోను మళ్ళీ నీలంతో ఎక్కించాడు. బావ కొన్ని నెలలకు క్షేమంగా తిరిగొచ్చాడు, ఎడమ చెవి సరిగ్గా వినపడేది కాదు, అక్కడి సంగతులు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఆ వేసవిలోనే వేరే ఊరికి బదిలీ అయి వెళ్ళిపోయారు. నేను ఆ ఒక్క ఆదివారాన్ని పట్టుకుని జీవితమంతా నడిచాను. దాచిన వార్త భయపెడుతుంది, కచ్చితంగా కొలిచిన వార్త ఊరటనిస్తుంది అన్నది నా సిద్ధాంతమైంది. ఎందరో పిల్లలకు అది నూరిపోశాను. ముందుమాటలో చివరి వాక్యం కూడా అదే: "పదేళ్ళ వయసులో ఒక దారం ముక్కతో నేను ఒక స్త్రీకి ధైర్యం ఇవ్వగలిగాను, చరిత్రకారుల పని అంతకంటే వేరు కాదు." రాసినప్పుడు ఎంత మురిసిపోయానో!

ఇప్పుడు నోటుపుస్తకం సంగతి. ముందు నుంచి తెరిస్తే దేశాలు. అవి నాకు కంఠతా వచ్చు. కానీ తలకిందులు చేసి వెనక నుంచి తెరిస్తే తాతయ్య సన్నటి చేతిరాతలో మనుషుల పేర్లున్నాయి. ఫలానా వారి కీళ్ళనొప్పి, ఫలానా వారి అల్లుడి తాగుడు, ఇలాంటివి. అటువైపు పేజీలున్నాయని చిన్నప్పుడే తెలుసు, నాకు వాటితో పనేముందని ఎన్నడూ చూడలేదు. దేశాలు చూసేదాన్ని కదా! మొన్న చూశాను. బాప్తిస్మానికి ముందు బుధవారం నాటి ప్రార్థనల్లో తాతయ్య రాసుకున్న ముక్క ఉంది: "దేవదానం. ఎలిజబెత్‌విల్‌కు మార్చారని కరుణకు ఉత్తరం." నేను ఇంకోసారి చదివాను. కళ్ళజోడు మార్చి చదివాను. ఆదివారం మధ్యాహ్నం నేను పటం మీద దారం పట్టుకుని ఢిల్లీ దాకా కొలుస్తున్నప్పుడు బావ ఉన్నది కాల్పులు జరిగిన ఊళ్ళోనే. ఆ సంగతి కరుణక్కకు తెలుసు. తాతయ్యకూ తెలుసు. నేను బడిలో ఉండగా వచ్చిన ఉత్తరం అయ్యుంటుంది, తెలియనిది నాకొక్కదానికే. ముప్పై ఏళ్ళుగా అచ్చులో ఉన్న ముందుమాట అది.

కరుణక్క బోయిన్‌పల్లిలో కూతురు ఆగ్నెస్ దగ్గరే ఉంటోంది. బావ పోయి చాలాకాలమైంది. క్రిస్మస్‌కు కేకు ఇచ్చిపుచ్చుకోవడం తప్ప నేనామె దగ్గర తీరిగ్గా కూర్చున్నది లేదు. మర్నాడు పొద్దున ప్రూఫులు, నోటుపుస్తకం సంచిలో వేసుకుని వెళ్ళాను. డెబ్బై దాటినా కరుణక్క నడుం వంగలేదు, వరండాలో కూర్చుని గోంగూర వలుస్తోంది. నేను కుశలప్రశ్నలు కూడా వేయలేదు. "అక్కా, ఆ రోజు బావ ఎలిజబెత్‌విల్‌లోనే ఉన్నాడని నీకు ముందే తెలుసా?" అన్నాను.

వలిచే చెయ్యి ఆగలేదు. "ఇన్నేళ్ళకు అడిగావా?" అంది. "ఎప్పుడో వచ్చి అడుగుతావనుకున్నా. ఎక్కడెక్కడి దేశాలో తిరిగి ఎవరెవరినో అడిగి పుస్తకాలు రాశావంట. ఈ బోయిన్‌పల్లికి వచ్చి నన్నొక్క ముక్క అడగడానికి తీరలేదు."

"తోచలేదక్కా."

"తోచదులే. నీకన్నీ తెలుసు కదా!" అని నవ్వింది. తరువాత నవ్వు ఆపింది. "పొద్దున్నుంచి నువ్వు అన్నం ముట్టలేదు. వెక్కిళ్ళతో ఊపిరాడక, మొహమంతా ఎర్రబడిపోయి, దారం పట్టుకుని 'బావ దూరంగా ఉన్నాడక్కా' అని చూపిస్తున్నావు. కాదే తల్లీ, ఆ ఊళ్ళోనే ఉన్నాడు అని ఎట్లా చెప్పమంటావు? ఆయన ఏడిస్తే నాకు వినపడదు. నువ్వు నా ఎదురుగా ఏడుస్తున్నావు."

"మరి తాతయ్య? ఒక్క అబద్ధం ఒప్పుకునే మనిషి కాదు కదా."

"నోరు తెరిచాడు. నేనే వద్దన్నట్టు చూశా. మర్నాడు పొద్దున్నే మా గుమ్మంలోకి వచ్చి, 'కరుణమ్మా, నా చేత తప్పు చేయించావు' అన్నాడు. 'ఆ తప్పు నాదేలెండి తాతగారూ, పిల్లకు మాత్రం చెప్పకండి' అన్నా. మళ్ళీ మీ బావ ఉత్తరం వచ్చేదాకా పంతొమ్మిది రోజులు. రోజూ బడి నుంచి రాగానే వచ్చి, 'అక్కా, బావ దూరంగానే ఉన్నాడు, భయపడకు' అనేదానివి. 'అట్లాగేనమ్మా' అనేదాన్ని. నువ్వు వెళ్ళాక తలుపేసుకుని..." అంటూ ఆగి, గోంగూర కాడలు ఒక పక్కకు నెట్టింది.

నాకు ఏడుపొచ్చింది. సిగ్గు కూడా వేసింది. అంత భయాన్ని కడుపులో పెట్టుకుని నా నోట్లో పలావు ముద్దలు పెట్టిన మనిషిని, నేను ధైర్యం ఇచ్చానని ముప్పై ఏళ్ళుగా అచ్చేసుకుంటున్నాను. మూడు ప్రశ్నలు లోకమంతటినీ అడిగినదాన్ని, ఆ పటం ముందు నిలబడి నన్ను నేను ఒక్కటీ అడగలేదు. ఆ ఉత్తరం ఏ రోజుది? అదొక్కటి అడిగినా సరిపోయేది. అయితే ఏడుస్తూ కూర్చునే రకాన్ని కాను. చేసిన తప్పు నిలబడి చెప్పడం మా ఇంట్లో చూసి నేర్చుకున్నాను. ఆగ్నెస్ భోజనాల బల్ల ఖాళీ చేయించి, ప్రూఫులు పరిచి, ముందుమాటలో నేను అంతగా మురిసిపోయిన వాక్యాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు ఎర్రగా కొట్టేశాను. కొత్తది రాయడానికి రెండు గంటలు పట్టింది. మూడుసార్లు చించేశాను. అయ్యాక కాగితాలు పట్టుకుని వరండాలోకి వచ్చాను.

"చదువు. పూర్తిగా చదువు, మధ్యలో ఆపకు" అంది కరుణక్క, అచ్చం తాతయ్య గొంతుతో.

చదివాను. "ఈ పుస్తకం మొదటి పేజీలో ఇన్నాళ్ళూ ఒక తప్పు ఉంది. దారంతో నేను కొలిచిన దూరం సరైనదే. కానీ మనిషి ఆ ముడి దగ్గర లేడు. ఆ రోజు ధైర్యం ఇచ్చింది నేను కాదు, కరుణ అనే ఇరవై రెండేళ్ళ స్త్రీ. ధైర్యం పొందినది నేను. ఆమెను ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు." అలా చివరిదాకా చదివాను. ఈసారి వెక్కిళ్ళు రాలేదు. గేటు బయట మార్కెట్టు నుంచి ఖాళీ బండ్లు వెనక్కి పోతున్నాయి.

"ఇప్పుడు సరిగ్గా ఉంది" అంది కరుణక్క. తరువాత గోంగూర గిన్నె పట్టుకుని లేస్తూ నా మొహంలోకి వంగి చూసింది. "పొద్దున్నుంచి అన్నం తిన్నావా?"

మూడయింది. తినలేదు.